కాలిందెంత, తడిసిందెంత: సెయింట్ లూయిస్ రికార్డుల లెక్క

1973 జులై 12. అర్ధరాత్రి దాటి 16 నిమిషాలైంది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఓవర్లాండ్‌లో, నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్ ఆరో అంతస్తు అంటుకుందని అగ్నిమాపక కేంద్రానికి కబురు అందింది. నాలుగున్నర నిమిషాల లోపే మొదటి బండి వచ్చింది. చుట్టుపక్కల నుంచి 42 అగ్నిమాపక విభాగాలు చేరాయి. అయినా 22 గంటలపాటు మంట అదుపులోకి రాలేదు. సిబ్బంది మళ్ళీ లోపలికి అడుగు పెట్టడానికి రెండు రోజులు పట్టింది. మంట పూర్తిగా ఆరిందని ప్రకటించింది 16వ తేదీ ఉదయం.

ఆ అంతస్తులో ఉన్నవి సైనికుల సర్వీసు ఫైళ్ళు. ఒక మనిషి సైన్యంలో ఎప్పుడు చేరాడు, ఎక్కడ పనిచేశాడు, గాయపడ్డాడా, పతకం వచ్చిందా, ఎప్పుడు బయటికి వచ్చాడు అన్నవి అందులో ఉంటాయి. మాజీ సైనికుడి వైద్యానికీ, పింఛనుకూ, చివరికి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలకూ ఆ కాగితమే ఆధారం.

నష్టం గురించి ఆ సంస్థ ఇచ్చిన అంకెలు ఇవి. నాశనమైనవి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 వరకు భూతల సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్ళలో 80 శాతం పోయాయి. వైమానిక దళంలో 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 మధ్య విడుదలై, అక్షరక్రమంలో ‘హబ్బర్డ్, జేమ్స్ ఇ.’ తర్వాత వచ్చే పేర్లున్నవారి ఫైళ్ళలో 75 శాతం పోయాయి. ఇంటిపేరు ఆడమ్స్ అయినవాడి ఫైలు మిగిలి, విలియమ్స్ అయినవాడిది బుగ్గి కావడానికి ర్యాకుల్లో వాటిని పేర్చిన వరస తప్ప వేరే కారణం లేదు.

ఈ అంకెల్లో నాకు ముఖ్యంగా కనిపించేది 1.6కూ 1.8కూ మధ్య ఉన్న ఎడం. ఇరవై లక్షల మంది ఆ ఎడంలో ఉన్నారు. లెక్క ఇంత వదులుగా ఉండటానికి మంట తీవ్రత ఒక్కటే కారణం కాదు. ఆ ఫైళ్ళకు నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ తీయలేదు, మంటకు ముందు సూచిక కూడా తయారు చేయలేదు. పైగా లక్షల సంఖ్యలో పత్రాలు అంతకుముందే మాజీ సైనికుల సంక్షేమ శాఖకు అరువు వెళ్ళి ఉన్నాయి. కాబట్టి ఫలానావాళ్ళ ఫైళ్ళు కాలిపోయాయని చెప్పే పూర్తి జాబితా ఆనాడూ లేదు, నేడూ లేదు.

అగ్నికి చిక్కిన రికార్డుల గురించి రాసేవాళ్ళు సాధారణంగా మంటతో మొదలుపెట్టి ప్రయోగశాలతో ముగిస్తారు. సెయింట్ లూయిస్ ఆధారాలను వరసగా చూస్తే వేరే క్రమం కనిపిస్తుంది. అక్కడ పోయిన రికార్డులకు మూడు ఖాతాలు ఉన్నాయి: నిజంగా కాలినవి, మంటను ఆర్పిన నీళ్ళకు పాడైనవి, మంటలో పోకపోయినా మంట పద్దులో పడినవి. ఈ మూడింటినీ విడదీయకుండా ఏం తిరిగి దక్కిందో చెప్పలేం.

మొదటి ఖాతా అన్నిటికంటే స్పష్టమైంది. కాగితం ఒంటరిగా ఉంటే క్షణాల్లో కాలుతుంది. అదే కాగితాన్ని వందల్లో బిగించి పెట్టెలో కూరితే మధ్యకు గాలి అందదు. మంట అంచుల దగ్గర మొదలై లోపలికి మెల్లగా నడుస్తుంది. అందుకే దక్కిన ఫైళ్ళలో చాలావాటికి నాలుగు వైపులా నల్లటి బొగ్గు అంచు, నడుమ చదవడానికి వీలైన భాగం ఉంటాయి. ఎంత బిగువుగా కూరితే అంత మిగిలింది. అయితే మంట గంటల తరబడి ఆగకుండా సాగితే ఆ బిగువు కూడా కాపాడలేదు. ఆరో అంతస్తులో స్ప్రింక్లర్లు లేవు, మంట ఒక చోటి నుంచి మరో చోటికి పాకకుండా ఆపే అడ్డుగోడలూ లేవు. 1950లలో ఆ భవనం కట్టే నాటికి రికార్డుల భద్రత చూసేవాళ్ళలో స్ప్రింక్లర్ల మీద ఏకాభిప్రాయం లేదు. పైపు పగిలితే కాగితాలు తడుస్తాయన్న భయం కొందరికి మంట భయంకంటే ఎక్కువగా ఉండేది. ఆ భయాన్ని ఈనాడు వెక్కిరించడం తేలిక. కానీ నీళ్ళు కాగితానికి చేసే హాని విషయంలో వాళ్ళు పొరబడలేదు. మంటను ఆర్పడానికి పగిలిన పైపు నుంచి కారేదానికి ఎన్నో రెట్లు నీళ్ళు పోయాల్సి వస్తుందన్నదే ఆ తూకంలోకి రాలేదు.

మంట ఎలా పుట్టిందో తేలలేదు. అది మొదలైన చోటు మిగలనంతగా దెబ్బతింది. సిగరెట్ మీద అనుమానం వచ్చింది, ఎవరి మీదా నేరం మోపలేదు.

రెండో ఖాతా నీళ్ళది. ఇక్కడే అసలు పని జరిగింది. రోజుల తరబడి పోసిన నీళ్ళు ఆరో అంతస్తు నుంచి కింది అంతస్తులకు కారాయి. అంటే మంట తాకని ఫైళ్ళు కూడా నానాయి. మిస్సోరిలో జులై అంటే ఎండ, ఉక్క. తడిసిన కాగితానికి ఆ వాతావరణంలో రెండు మూడు రోజుల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది. బూజు కాగితంలోని పీచును తినేస్తుంది, రంగు మరకలు వదులుతుంది, పుటలను అంటిస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి థైమాల్ చల్లారు. అది మనుషుల ఆరోగ్యానికి మంచిది కాదని తర్వాత గుర్తించి, సంరక్షకులు ఇప్పుడు దాన్ని వాడకుండా తప్పించుకుంటున్నారు. ఆనాటివాళ్ళ చేతిలో ఉన్న మందు అది.

శిథిలాల నుంచి తీసిన తడి ఫైళ్ళను పాల ప్యాకెట్లు మోసే ప్లాస్టిక్ ట్రేలలో సర్దారు. గాలీ నీరూ ఆడేలా అన్ని వైపులా కన్నాలుంటాయి, ఒకదానిపై ఒకటి నిలుస్తాయి, వేల సంఖ్యలో దొరుకుతాయి. ఆరబెట్టడం ఎలాగన్న ప్రశ్నకు జవాబు అదే ఊళ్ళో ఉంది. విమానాలు, అంతరిక్ష నౌకలు తయారుచేసే మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీకి సెయింట్ లూయిస్‌లో అంతరిక్షంలోని పరిస్థితులను కల్పించే పెద్ద శూన్యపు గది ఉంది. ఒక విడతలో దాదాపు 2,000 ట్రేలు అందులో పట్టేవి. గదిలోని గాలిని లాగేసి, లోపలి ఉష్ణోగ్రతను నీరు గడ్డకట్టే స్థాయికి తెచ్చి, ఆ తర్వాత పొడిగా ఉన్న వేడి గాలి నింపేవారు. ఒక్కో ట్రే నుంచి సుమారు 8 పౌండ్ల నీరు, అంటే మూడున్నర కిలోలకు పైగా, బయటికి వచ్చేది. మొత్తం మీద విడతకు ఏడు టన్నుల పైమాటే. కాగితాన్ని ఎండలో పరిచి ఆరబెడితే సిరా కారుతుంది, పుట ముడుచుకుంటుంది, ఈలోగా బూజు వస్తుంది. తక్కువ ఒత్తిడిలో నీరు తొందరగా ఆవిరై పోవడం వల్ల ఆ మూడింటికీ వ్యవధి తగ్గింది.

అలా దక్కినవి దాదాపు 65 లక్షల ఫైళ్ళు. వాటిని ‘బీ ఫైళ్ళు’ అని వేరుగా పెట్టి, ఎవరెవరివో చెప్పే కంప్యూటర్ సూచిక తయారు చేశారు. మంటకు ముందు లేని సూచిక మంట తర్వాత, మిగిలినవాటికి మాత్రం వచ్చింది. ఈ 65 లక్షల్లో నీటి నుంచి కాపాడినవి ఎన్ని, మంట అంచుల నుంచి కాపాడినవి ఎన్ని అని విడదీసి చెప్పడం కష్టం. చాలా ఫైళ్ళు రెండు దెబ్బలూ తిన్నాయి. ఒక్కటి మాత్రం జంకకుండా అనవచ్చు: వెంటనే ఆరబెట్టి ఉండకపోతే మంట వదిలేసిన కాగితాన్ని బూజు తీసుకుని ఉండేది.

భవనంలోకి వెళ్ళగలిగిన వెంటనే ముందుగా దేన్ని బయటికి తెచ్చారన్నది ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన ఆధారంగా తోస్తుంది. సైనికుల ఫైళ్ళను కాదు. లక్షకు పైగా మైక్రోఫిల్మ్ రీళ్ళను. సైన్యం 1912 నుంచీ, వైమానిక దళం 1947 నుంచీ ప్రతి దళంలో రోజూ రాసిన హాజరు నివేదికలు వాటిలో ఉన్నాయి. ఆ రోజు దళంలోకి కొత్తగా ఎవరు వచ్చారు, ఎవరు ఆస్పత్రికి వెళ్ళారు, ఎవరు తిరిగి రాలేదు అన్నది ఒక్కో వాక్యంలో ఉంటుంది. పొగ ఇంకా తగ్గకముందే ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకు ఒక సంగతి అర్థమై ఉండాలి. మనిషి పేరు మీద ఉన్న కాగితం పోయినా, అతను పనిచేసిన దళం పేరు మీద ఉన్న కాగితంలో అతని జాడ మిగులుతుంది.

తర్వాతి దశాబ్దాల పని ఆ దారినే నడిచింది. ఫైలు కాలిపోయిన మనిషి గురించి అర్జీ వస్తే ఆధారాలను వేరే చోట్ల వెతుకుతారు. సర్వీసు ముగిసినప్పుడు చెల్లించిన చివరి జీతం వోచర్లు అమెరికా ఖాతాల తనిఖీ శాఖ దగ్గర మిగిలాయి. సంక్షేమ శాఖలోని పాత క్లెయిములు, రాష్ట్రాల సైనిక కార్యాలయాల కాగితాలు, సైన్యంలో చేరమని పిలిచిన బోర్డుల రిజిస్టర్లు కూడా ఉన్నాయి. 1988లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దగ్గరున్న కంప్యూటర్ టేపులు బయటపడ్డాయి. 1942 నుంచి 1945 వరకు, 1950 నుంచి 1954 వరకు సైనిక ఆస్పత్రుల్లో చేరినవారి కోటి నమోదులు వాటిలో ఉన్నాయి. పరిశోధన గణాంకాల కోసం తయారైన టేపులు అవి, పింఛను రుజువుల కోసం కాదు. అందుకే వాటిలో పేర్లు లేవు, సర్వీసు నంబర్లే ఉన్నాయి. నంబరు గుర్తులేని కుటుంబానికి కోటి నమోదులున్నా ప్రయోజనం లేదు.

ఇలా అల్లిన ఫైలును పాత ఫైలుతో సమానం అనుకోకూడదు. చివరి జీతం వోచరు సర్వీసును నిరూపిస్తుంది, తేదీలు ఇస్తుంది. యుద్ధంలో ఏం చూశాడో, ఏ గాయం మానలేదో చెప్పదు. ఆస్పత్రి టేపు జబ్బు పేరు ఇస్తుంది, దాని చరిత్ర ఇవ్వదు. ఈ తేడా కోర్టుల దాకా వెళ్ళింది. 1991లో ఓహేర్ వర్సెస్ డెర్విన్స్కీ కేసులో మాజీ సైనికుల అప్పీళ్ళ కోర్టు ఒక మాట చెప్పింది. ప్రభుత్వం చేతిలో ఉండగానే రికార్డులు పోయినప్పుడు, అర్జీదారుకు సందేహ లాభం ఇవ్వాలా వద్దా అని మరింత జాగ్రత్తగా చూసి, నిర్ణయానికి కారణాలు వివరించాల్సిన బాధ్యత సంక్షేమ శాఖ మీద పెరుగుతుందని. అయితే 2006లో క్రోమర్ వర్సెస్ నికల్సన్ కేసులో పై కోర్టు గీత గీసింది. రికార్డు పోయిందన్న కారణంతో అందులో అర్జీదారుకు అనుకూలమైన విషయమే ఉండి ఉంటుందని ఊహించుకోవడానికి ఒప్పుకోలేదు. రెండింటినీ కలిపి చూస్తే కాలిన కాగితం ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పదు, విచారించేవాడి పని మాత్రం పెంచుతుంది.

మూడో ఖాతా దగ్గరికి వస్తే ఆధారాలు కాస్త ఇబ్బంది పెడతాయి. ‘1973 మంటలో కాలిపోయింది’ అన్న మాట అమెరికా కుటుంబాల్లో చాలా తేలిగ్గా వినిపిస్తుంది. నావికాదళం, మెరైన్ దళం సర్వీసు ఫైళ్ళు ఆ మంటలో పోలేదు. 1960 తర్వాత భూతల సైన్యం వదిలినవారివీ ఆ 80 శాతం లెక్కలో లేవు. ఏ దళం, ఏ సంవత్సరం అని అడగకుండా ‘కాలిపోయి ఉంటుంది’ అనుకుంటే, ఉన్న ఫైలు కోసం కూడా ఎవరూ వెతకరు.

మంట మీద వేసే ఈ అదనపు భారానికి డబ్లిన్‌లో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 1922 జూన్ 30న, ఐర్లండ్ అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, ఫోర్ కోర్ట్స్ సముదాయంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలుడుతో, మంటతో నాశనమైంది. ఏడు శతాబ్దాల పాలనా పత్రాలు అక్కడ ఉండేవి. ఆ దేశపు 19వ శతాబ్దపు జనాభా లెక్కలు మొత్తం అప్పుడే పోయాయని చాలామంది నమ్మకం. నిజం కొంతే. 1821, 1831, 1841, 1851 లెక్కల పత్రాలు, కొద్ది ముక్కలు తప్ప, 1922లో కాలాయి. 1861, 1871 లెక్కల పత్రాలను అంతకు చాలా ముందే ప్రభుత్వ ఆదేశంతో నాశనం చేశారు. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు అయ్యాయి. ఎనిమిది జనగణనల్లో మంట తిన్నవి నాలుగు. మిగతా నాలుగూ పద్ధతి ప్రకారం, కార్యాలయం పనివేళల్లో పోయాయి.

డబ్లిన్ భవనం కట్టుబడిలో ఒక వింత కూడా ఉంది. రికార్డులు దాచే ఖజానాకూ, పాఠకులు కూర్చునే గది ఉన్న భాగానికీ మధ్య మంట దాటకుండా ఖాళీ వదిలారు. జనం తిరిగే వైపు ఎక్కడైనా నిప్పు పుడితే ఖజానా భద్రంగా ఉండాలని ఉద్దేశం. 1922లో నిప్పు ఖజానా వైపే వచ్చింది. ఆ ఖాళీ వల్ల పాఠకుల భాగం నిలిచింది, ఆరోజు అక్కడ చదవడానికో మరో పనికో తెచ్చి ఉంచిన కొన్ని పత్రాలూ నిలిచాయి.

సెయింట్ లూయిస్‌లో లేనిది డబ్లిన్‌లో ఉంది. హెర్బర్ట్ వుడ్ అనే అధికారి 1919లో ఆ ఖజానాలోని రికార్డుల శ్రేణులకు ఒక మార్గదర్శిని అచ్చు వేయించాడు. మూడేళ్ళకు ఖజానా పోయింది, అది పోగొట్టుకున్నవాటి పట్టిక పుస్తకంగా మిగిలింది. ట్రినిటీ కాలేజీ నేతృత్వంలో 2022 జూన్‌లో ప్రారంభమైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ ఆ పట్టికలోని ఖాళీ అరలను ఒక్కొక్కటిగా పూరించే ప్రయత్నం. 19వ శతాబ్దం తొలినాళ్ళలో రికార్డ్ కమిషన్ రాయించిన ప్రతులు, సారాంశాలు, లండన్‌కు పంపిన జంట ప్రతులు, బెల్‌ఫాస్ట్‌లోని కాగితాలు అందులో చేరాయి. కాలిన జనగణనలోంచి దక్కినదాంట్లో ఒక భాగం పింఛను దరఖాస్తుల పుణ్యం. 1908 చట్టంతో 70 ఏళ్ళు నిండినవారికి పింఛను వచ్చింది. ఐర్లండ్‌లో అందరి జననాల నమోదు మొదలైంది 1864లో కాబట్టి, ముసలివాళ్ళ వయసుకు రుజువు కావాలంటే 1841, 1851 జనగణన పత్రాల్లో వెతకాలి. గుమాస్తాలు వెతికి, దొరికిన కుటుంబ వివరాలను ఫారాల మీద ఎక్కించారు. మూల పత్రం కాలింది, ఫారాలు మిగిలాయి. చరిత్రను కాపాడాలని ఎవరూ తలపెట్టని చోట ఇది జరిగింది.

మనకు దగ్గరి ప్రస్తావన ఒకటి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలకు భూముల ఫైళ్ళు కాలాయి. ఆ ఘటన కారణాల జోలికి నేను పోను. రికార్డుల కోణంలో మాత్రం ప్రశ్న ఒకటే: ఆ ఫైళ్ళలోని ఏ కాగితానికి తహసీల్దారు కార్యాలయంలో, సబ్ రిజిస్ట్రారు దగ్గర, కలెక్టరేట్‌లో జత ఉంది, ఏది ఒంటరిది? రెవెన్యూ పాలనలో ఒక ఉత్తరం పంపిన చోటా, అందిన చోటా ఉంటుంది. అధికారి ఫైలులో చేత్తో రాసిన నోట్‌కు అలాంటి జత ఉండదు. వివాదం వచ్చినప్పుడు అందరూ అడిగేది ఆ నోటే.

ఇక ప్రయోగశాల. దానికి దక్కాల్సిన గౌరవం దానిది, కానీ కొలత మరవకూడదు. 1786లో లండన్ గిల్డ్‌హాల్ మంటలో ముడుచుకుపోయిన డెర్రీ భూముల పుస్తకాన్ని, 1639 నాటి తోలు పుటల సంపుటాన్ని, రెండు శతాబ్దాలకు పైగా ఎవరూ చదవలేకపోయారు. వేడికి తోలు కాగితంలా కాలదు, కుంచించుకుంటుంది. లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్ సంరక్షకులు పుటలకు తేమ పట్టించి, అయస్కాంతాలతో మెల్లగా లాగి, వీలైనంత మేర విప్పారు. ఆపైన యూనివర్సిటీ కాలేజ్ లండన్ బృందం ప్రతి పుటకూ పదుల సంఖ్యలో ఫోటోలు తీసి, ముడతల త్రిపరిమాణ రూపాన్ని కంప్యూటర్‌లో కట్టి, తెరమీదే చదును చేసింది. 165 పుటలు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలుడుకు బొగ్గయిన హెర్క్యులేనియం చుట్టల విషయంలో అడుగు ఇంకా ముందుకు పడింది. ఎక్స్ రే స్కానులోంచి యంత్రాభ్యాసంతో (మెషిన్ లెర్నింగ్) సిరా జాడలు పట్టి, విప్పకుండానే 2023లో ఒక చుట్టలోని గ్రీకు పాఠంలో కొంత భాగాన్ని చదివారు. ఈ రెండు చోట్లా వస్తువు ఆకారం నిలిచి ఉంది, సంఖ్య చిన్నది, ఒక్కో దాని మీద నెలలు, సంవత్సరాలు పెట్టగలిగారు. సెయింట్ లూయిస్‌లో నిండా బూడిదైన ఫైళ్ళకు ఆకారమే లేదు. వాటి మీద ఏ కెమెరా పనిచేయదు.

బొగ్గు అంచుల బీ ఫైళ్ళకు మాత్రం పని సాగుతోంది. ఆ కేంద్రం 2011లో సెయింట్ లూయిస్ ఉత్తరాన ఉన్న స్పానిష్ లేక్‌లో కొత్త భవనానికి మారింది. చల్లగా, పొడిగా ఉంచే గోదాముల్లో ఈ ఫైళ్ళు ఉన్నాయి. ఎవరైనా ఒక పేరు అడిగినప్పుడు ఆ ఫైలు ప్రయోగశాలకు వస్తుంది. బూజు దులుపుతారు, రాలే అంచులను తీస్తారు, ముడతలు చదును చేస్తారు, పుటకు ప్లాస్టిక్ కవచం తొడిగి నకలు తీస్తారు. ఇక్కడే పరిశోధకుడు జాగ్రత్తపడాలి. బాగుపడిన ఫైళ్ళు మొత్తం సైన్యానికి నమూనా కావు. అర్జీ పెట్టినవారివి, పింఛను కోసం పోరాడినవారివి, మనవలు వచ్చి అడిగిన తాతలవి అవి. విడుదలైన 62 ఏళ్ళకు ఫైలు ప్రజలందరికీ అందుబాటులోకి వస్తుంది గనుక మంట దెబ్బతిన్న తరం మొత్తం ఇప్పుడు చరిత్రకారుల చేతికి అందుతోంది. వాళ్ళు రెండు అరల్లోంచి ఎంచుకుంటారు: శుభ్రపడి నకలైన ఫైళ్ళు, ఇంకా ఎవరూ అడగక 1973 మసితో ఉన్న ఫైళ్ళు. మొదటి అరలోంచే లెక్కలు వేస్తే వారసులు లేని సైనికులు, ఇంగ్లీషులో అర్జీ రాసుకోలేని వలస కుటుంబాల సైనికులు, మంటతో నిమిత్తం లేకుండా మరోసారి లెక్కలోంచి తప్పిపోతారు. సూచికలో పేర్లు ఉన్నాయి కనుక రెండో అరలోంచి లాటరీ పద్ధతిలో కొన్ని పేర్లు తీసి, ఆ ఫైళ్ళను అర్జీ కోసం ఆగకుండా బాగుచేయించడం ఈ వంకరను కొలవడానికి ఒక దారి.